ముప్పై సెకన్ల తీరిక

పేజీలు పెట్టే వేళ మా పత్రిక డెస్కులో ఎవరి తలా పైకి లేవదు. కీబోర్డుల టకటకలు, మౌసు క్లిక్కులు, ఫొటో ఇంకా రాలేదేమని మధ్యలో ఒక కేక. అంత హడావుడిలోనూ ఈమధ్య ఒక కుర్రాడి తెర మీద ఓ చిన్న పెట్టె ప్రత్యక్షమవుతోంది. కాసేపు ఆగమని అడుగుతుంది. అతను ఆగుతాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వేళ్లు వదులు చేసి, హాలు ఆ చివర గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చుంటాడు. అరనిమిషం గడిచాక పెట్టె దానంతటదే వెళ్లిపోతుంది. అతని చేతులు మళ్లీ కీబోర్డు మీదికి వస్తాయి.

మొదట్లో చూసినవాళ్లకు ఇదేమిటో అర్థం కాలేదు. ‘‘ఏంటి తమ్ముడూ, సిస్టం హ్యాంగైందా?’’ అని పక్క సీటు పెద్దాయన అడిగారు. ‘‘లేదు సార్, రెస్ట్ తీసుకోమంటోంది’’ అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నారు. నాలుగు రోజులు పోయాక కుడి భుజం రుద్దుకుంటూ వచ్చి, ‘‘అదేదో నాక్కూడా పెట్టివ్వు’’ అన్నారు.

దాని పేరు వర్క్‌రేవ్. రాబ్ కేలర్స్, రేమండ్ పెన్నర్స్ అనే ఇద్దరు నెదర్లాండ్స్ ప్రోగ్రామర్లు రెండు దశాబ్దాల కిందట రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని వదిలేశారు. దాని గుర్తు గొర్రె. ఆ సాధుజంతువును ఎందుకు పెట్టుకున్నారో గానీ, ఆ పనికి సరిపోయింది.

మనం ఏమీ మార్చకపోతే అది మూడు విధాలుగా పలకరిస్తుంది. 3 నిమిషాలు పనిచేస్తే 30 సెకన్లు ఆగమంటుంది. 45 నిమిషాలకు ఒకసారి 10 నిమిషాలు కుర్చీ వదలమంటుంది. ఆ పది నిమిషాల్లో మెడ, భుజాలు, మణికట్లు, కళ్లు ఎలా కదిలించాలో బొమ్మలతో చూపిస్తుంది. మొత్తం మీద రోజుకు 4 గంటలు దాటితే, ఇవాళ్టికి ఇక చాలంటుంది. ఈ లెక్కలన్నీ ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. మా కుర్రాడు మూడు నిమిషాలను పది చేసుకున్నాడు. పేజీ పెట్టేవాడికి అంతకంటే కుదరదు మరి.

ఆ పెట్టె మీద రెండు మీటలుంటాయి. ఒకటి వాయిదాకు, రెండోది ఈసారికి వద్దనడానికి. జనం ఎక్కువగా నొక్కేవి ఆ రెండే. దానికి ఎవర్నీ తప్పుపట్టాల్సిన పనిలేదు. వాక్యం సగంలో ఉంటుంది, లెక్క సగంలో ఉంటుంది, ఇంకొక్క నిమిషమైతే అయిపోతుందనిపిస్తుంది. పనిలో పడితే ఒళ్లు తెలియదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఇష్టమైన పనయినా, గడువు తరుముతున్న పనయినా మనిషిని అలాగే లోపలికి లాక్కుంటుంది.

ఒళ్లు తెలిసేది తర్వాత. రాత్రి పడుకున్నాక బొటనవేలి మొదట్లో సన్నగా లాగుతుంది. పొద్దున్నే నీళ్ల బిందె ఎత్తబోతే మణికట్టు కలుక్కుమంటుంది. చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఏమంత పనిచేశామని, కూర్చునే ఉన్నాం కదా అనుకుంటాం. అసలు చిక్కు ఆ కూర్చోవడంలోనే ఉంది. నడిచేవాడి కాలు బిగుస్తుంది, వదులవుతుంది, మళ్లీ బిగుస్తుంది. మౌసు పట్టుకున్న చేతిని మోసే భుజం గంటల తరబడి బిగిసే ఉంటుంది. అలా బిగిసి ఉన్న కండరానికి రక్తం సరిగ్గా ఆడదు. బరువు మోసిన అలసట కంటికి కనిపిస్తుంది. కదలకపోవడం వల్ల వచ్చే అలసట కనిపించదు, అందుకే దానికి సానుభూతి కూడా దొరకదు.

ఈ సంగతి కంప్యూటర్లతో మొదలైంది కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లోనే దీన్ని రాసిపెట్టాడు. మోడెనాలో ఆయన ఇంటి పాయిఖానా గుంట శుభ్రం చేయడానికి ఒక మనిషి వచ్చాడు. ఊపిరి తిప్పుకోకుండా పనిచేస్తుంటే, అంత తొందరెందుకు, ఆయాసపడకుండా చేసుకోవచ్చు కదా అని రామజ్జిని అడిగాడు. ఆ మనిషి తలెత్తి చూసి, నాలుగు గంటలకు మించి ఇక్కడుంటే ఏమవుతుందో దిగినవాడికే తెలుస్తుందని, కళ్లు పోయినంత పనవుతుందని చెప్పాడు. అతను పైకొచ్చాక రామజ్జిని దగ్గరగా వెళ్లి చూశాడు. కళ్లు ఎర్రగా, చూపు మసకగా ఉన్నాయి. దీనికి మీరేం చేస్తారని అడిగాడు. ఇంటికి పోయి, చీకటి గదిలో కూర్చుని, గోరువెచ్చని నీళ్లతో కళ్లు కడుక్కుంటామన్నాడు.

ఆ మాటలు రామజ్జినిని వదల్లేదు. పనివాళ్ల దగ్గరికి తానే వెళ్లి అడగడం మొదలుపెట్టాడు. ఏ పనిచేసేవాళ్లకు ఏ జబ్బు వస్తుందో ఒక గ్రంథమే రాశాడు. రోగిని చూడబోయిన వైద్యుడు అడగాల్సిన ప్రశ్నలకు ఇంకొకటి చేర్చాడు: నువ్వు ఏం పనిచేస్తావు? ఇంత మామూలు ప్రశ్న అప్పటిదాకా వైద్యుల నోట రాకపోవడం తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆ గ్రంథంలో రాతగాళ్ల గురించి కూడా ఉంది. రోజంతా కుర్చీ వదలకపోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరున ఆడటం, తప్పు దొర్లకూడదని మనసును పట్టి ఉంచడం... వాళ్ల బాధలకు ఆయన చెప్పిన కారణాలు ఈ మూడే. జీవితమంతా రాసి రాసి కుడిచెయ్యి పడిపోయిన ఒక లేఖకుడి గురించీ చెప్పాడు. పాపం, ఆ మనిషి పట్టుబట్టి ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు ఎడమచెయ్యి కూడా అదే దారి పట్టింది. మూడు వందల ఏళ్లు దాటినా ఆ మూడు కారణాల్లో ఒక్కటీ పాతబడలేదు. ఈకకలం పోయి మౌసు వచ్చింది, అంతే.

అయితే మధ్యలో ఒక కాలం ఉంది. అప్పటి యంత్రాలు మనిషిని కట్టి పడేసేవి కావు. టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మిద్దె మీద ఇరుకు గది, బల్లల మీద వరసగా రెమింగ్టన్, గోద్రెజ్ మిషన్లు. వీపు నిటారుగా పెట్టమని, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచమని, కీల వైపు చూడొద్దని మాస్టారు వెనక నుంచి చెబుతూనే ఉండేవారు. లోయరు పరీక్షకు కట్టినా హయ్యరుకు కట్టినా మొదటి పాఠం కూర్చోవడమే. వరస చివరికి వస్తుండగా గంట ఠంగుమనేది. చెయ్యి ఎత్తి, లివరు పట్టుకుని, క్యారేజీని కర్రున వెనక్కి నెట్టాలి. కాగితం నిండితే రోలరు తిప్పి తీయాలి. కొత్త కాగితాలు, మధ్యలో కార్బన్లు, అంచులు సమంగా తట్టి మళ్లీ ఎక్కించాలి. రిబ్బను నలిగితే అదొక పని. తప్పు పడితే రబ్బరుతో మెల్లగా చెరపాలి. ఇవన్నీ అప్పట్లో విసుగనిపించిన పనులే. కానీ ప్రతి వరసకూ ఒకసారి భుజం కదిలేది, ప్రతి పేజీకీ ఒకసారి కళ్లు మిషన్ను వదిలేవి.

పత్రికాఫీసులో చేతి కంపోజింగ్ ఉన్నప్పుడూ అంతే. తెలుగు అక్షరాలకు గుణింతాలు వేరు, ఒత్తులు వేరు. అన్నీ ఒక కేసులో ఇమిడేవి కావు. కంపోజిటరు స్టిక్కు పట్టుకుని నిలబడి, కావలసిన గడి కోసం అటు వంగి, ఇటు జరిగి, ఒక్కో అక్షరమూ ఏరేవాడు. మగ్గం మీద కూర్చున్న నేతగాడికి నాడెలో కండె అయిపోయినప్పుడల్లా ఆగక తప్పదు. నాగలి పట్టిన రైతు తనకు ఓపిక ఉన్నా ఎడ్ల కోసం చెట్టు కింద ఆగేవాడు.

ఆ రోజులే బంగారమని చెప్పడం లేదు. సీసం అక్షరాల మధ్య నిలబడి నిలబడి కాళ్లు వాచినవాళ్లను, మసక దీపాల కింద ప్రూఫులు దిద్ది చూపు చెడగొట్టుకున్నవాళ్లను చూశాం. మగ్గం గుంటలో మోకాళ్లు అరిగినవాళ్లూ ఉన్నారు. కాకపోతే, ఆగడం పనిలోనే ఉండేది. దానికోసం మనిషి ప్రత్యేకంగా మనసు కూడగట్టుకోనక్కర్లేదు. కాసేపు ఆగినందుకు లోపల ఎక్కడో తప్పు చేసినట్టూ ఉండేది కాదు.

కంప్యూటరు వచ్చి దారిలోని అడ్డంకులన్నీ ఎత్తేసింది. వరస దానంతటదే తిరుగుతుంది, కాగితానికి అంతుండదు. ఫైలు కోసం పక్కగదికి వెళ్లక్కర్లేదు, మాట చెప్పాలంటే లేచి పైఅంతస్తుకు పోనక్కర్లేదు. ఇవన్నీ మేళ్లే. ఎవరూ వెనక్కి ఇవ్వమనరు. కానీ ఆ అడ్డంకుల సందుల్లోనే మన ఊపిరి దాక్కుని ఉండేదని అవి పోయాక గానీ తెలియలేదు. తెర మీద వెలిసే ఆ చిన్న పెట్టె, టైపు మిషన్ గంటలా, పోయిన సందును మళ్లీ తెరుస్తోంది.

ఈ రోజుల్లో విశ్రాంతి కూడా తెరలోకే వెళ్లిపోవడం ఇంకో చిక్కు. పని ఆపగానే చెయ్యి జేబులోకి వెళ్తుంది. పెద్ద తెర పోయి చిన్న తెర వస్తుంది. కళ్లకు రెండింటికీ తేడా లేదు. మామూలుగా మనం నిమిషానికి పదిహేను సార్ల దాకా రెప్ప వేస్తాం. తెర వైపు చూస్తున్నప్పుడు అది సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది. రెప్ప వాలినప్పుడే కదా కంటి మీద తడి పరుచుకునేది. సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు గరగరలాడటానికి ఇదొక కారణం. దగ్గరి వస్తువును చూస్తున్నంతసేపూ కంటి లోపల ఒక చిన్న కండరం బిగపట్టి ఉంటుంది. దూరంగా చూస్తేనే దానికి సెలవు.

జెఫ్రీ ఆన్షెల్ అనే అమెరికా కంటి నిపుణుడు దీన్ని అందరికీ గుర్తుండేలా చెప్పాడు. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్ల పాటు చూడమన్నాడు. వినడానికి ఎంతో తేలిక. చేయబోతే తెలుస్తుంది, మన చాలా ఇళ్లలో ఇరవై అడుగుల దూరం లేదు. హాస్టల్ గదిలో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్న పిల్లకు ఎదురుగా ఎనిమిది అడుగుల్లో గోడ. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. బాల్కనీలోకి వచ్చి వీధి చివర చూస్తే తప్ప ఆ కండరానికి సెలవు దొరకదు. చూపు పారేంత దూరం ఒక ఆస్తి అని మన తాతలకు తోచి ఉండదు. అరుగు మీద కూర్చుంటే వాళ్లకు ఊరి చివరి చెరువుగట్టు దాకా కనిపించేది.

2020లో లాక్‌డౌన్ వచ్చి, హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ పిల్లలు ల్యాప్‌టాపులు పట్టుకుని సొంతూళ్లకు వచ్చారు. మధ్యగదిలో పాత భోజనాల బల్లే ఆఫీసయింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఎదురుగా తెర. అమ్మలకు ఆ పని ఏమిటో పూర్తిగా అర్థం కాలేదు గానీ, కొడుకు పొద్దున్నుంచి కదల్లేదన్నది మాత్రం అర్థమైంది. ఒకావిడ చెప్పారు, మొదట్లో వాడి దగ్గరికే కాఫీ తీసుకెళ్లి పెట్టేదాన్నని. కప్పు పక్కనే చల్లారిపోయేదట. తర్వాత పద్ధతి మార్చారు. వంటింటి గట్టు మీద కప్పు పెట్టి, ‘‘ఎంతసేపురా అలాగ! ఇక్కడ పెట్టాను, వచ్చి తాగు’’ అని కేకేసేవారు. వాడు విసుక్కుంటూనే లేచేవాడు. లేచాక గట్టుకు ఆనుకుని, తాగినంతసేపూ ఆవిడతో ఏదో ఒకటి మాట్లాడి వెళ్లేవాడు.

ఆఫీసులు తెరుచుకున్నాయి, పిల్లలు మళ్లీ వెళ్లిపోయారు. అక్కడ కాఫీ మిషను కొద్ది అడుగుల దూరంలోనే ఉంటుంది. లెమ్మని కేకేసేవాళ్లే ఉండరు. రాత్రి ఫోనులో అమ్మ తిన్నావా అని అడుగుతుంది. మధ్యాహ్నం మూడింటికి లేచావా అని అడగడం ఆమెకు కుదరదు. ఆ వేళకు అడిగేది ఆ గొర్రె బొమ్మ ఒక్కటే.

మనిషిని లెమ్మని చెప్పడానికి ఒక యంత్రం కావలసి వచ్చిందా అని కొందరు నొచ్చుకుంటారు. ఆ బాధ అర్థమవుతుంది. కానీ ఆ పెట్టె వెనకాల ఉన్నదీ మనుషులే. తొంభైల్లోనే ఎడ్డీ కోలర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఎక్స్‌రిట్స్ అని ఒకటి రాశాడు. సమయం కాగానే తెర మీద ఒక చేతి బొమ్మ వస్తుంది. పట్టించుకోకుండా పనిచేసుకుపోయేవాళ్ల కోసం, ఒకటి తర్వాత ఒకటిగా ఆ చేతులు పెరిగేలా కూడా పెట్టుకోవచ్చు. తర్వాత స్ట్రెచ్‌లీ వచ్చింది, సేఫ్ ఐస్ వచ్చింది. ఇవీ ఉచితమే. తల ఎత్తకుండా పనిచేయడం ఎలా ఉంటుందో ప్రోగ్రామర్ల కంటే బాగా ఎవరికి తెలుసు? వాళ్లే తీరిక చేసుకుని, ముక్కూ మొహమూ తెలియని ఎవరి చేతుల గురించో ఆలోచించి, ఇంత పని చేసిపెట్టారు. మా డెస్కు కుర్రాడికి కేలర్స్ ఎవరో తెలియదు, కేలర్స్‌కు ఇక్కడొక కుర్రాడున్నాడనీ తెలియదు. అతని మణికట్టు బాగుండాలని మాత్రం ఆయన ఎప్పుడో అనుకున్నాడు.

అరనిమిషంలో ఏం ఒరుగుతుందని అడిగితే, పెద్దగా ఏమీ ఒరగదు. వీధిలో ఉల్లిపాయల ఆటో మైకు వినిపిస్తుంది. పొద్దుట పట్టుకొచ్చిన నీళ్ల సీసా మూత తీయకుండానే ఉందని కనిపిస్తుంది. దవడలు బిగించి ఉన్నామని, భుజాలు చెవుల దగ్గరికి వచ్చేశాయని తెలుస్తుంది. వాటిని కిందికి దించుతాం. కొన్నిసార్లు, అరగంటగా దొరకని మాట ఆ ఖాళీలో దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఎప్పుడూ వస్తుందని కాదు. రాకపోయినా భుజాలు దిగాయి కదా.

ఆగే వీలు అందరికీ ఉండదన్నదీ నిజమే. మీసేవ కౌంటరులో కూర్చున్న అమ్మాయి ముందు పదిమంది నిలబడి ఉంటే, పెట్టె వచ్చింది కాసేపాగండని ఎలా అంటుంది? వాయిదా మీట ఆమె నొక్కక తప్పదు. అమెరికాలో పన్నుల శాఖ డేటా ఎంట్రీ ఉద్యోగుల మీద జరిపిన ఒక అధ్యయనం 2000లో వెలువడింది. మామూలు విరామాలకు తోడు రోజుకు మొత్తం 20 నిమిషాలు, ఐదేసి నిమిషాల చొప్పున అదనంగా ఇచ్చి చూశారు. ఒంటి నొప్పులు, కళ్ల అలసట తగ్గాయి. ఆ ఇరవై నిమిషాలు పోయినా వాళ్లు చేసే పని తగ్గలేదు. చదివినప్పుడు మనసుకు హాయిగా అనిపించిన సంగతుల్లో ఇదొకటి. వరసలో నిలబడ్డ మనం ఆ అమ్మాయి ఒకసారి వేళ్లు విదిలించుకుంటే, కళ్లు మూసి తెరిస్తే, చేతిలో కాగితం ముందుకు చాపకుండా ఉండొచ్చు. అంతమాత్రాన మన పనేమీ ఆలస్యం కాదు.

వర్క్‌రేవ్ చెప్పే రోజుకు నాలుగు గంటల హద్దు సంగతి చెప్పనక్కర్లేదు. జీతానికి పనిచేసేవాళ్లు ఎవరూ దాన్ని పాటించలేరు. చాలామంది ఆ లెక్కను పెంచుకుంటారు, లేదా తీసేస్తారు. అయినా ఎక్కడో ఇద్దరు మనుషులు కూర్చుని, ఒక మనిషి చేతులకు రోజుకు ఇంత చాలు అనుకోవడం బాగుంది.

ఈ ప్రోగ్రాంలో మాకు బాగా నచ్చింది అది లెక్కపెట్టే తీరు. గోడ గడియారాన్ని కాకుండా మన చేతుల్ని చూసి లెక్క వేస్తుంది. కీబోర్డు, మౌసు కదులుతుంటేనే సమయం నడుస్తుంది. వదిలేస్తే ఆగుతుంది. మనంతట మనం లేచి మంచినీళ్లకు వెళ్లినా, టీకి వస్తావా అంటూ ఎవరైనా వచ్చి భుజం తట్టి తీసుకెళ్లినా, పది నిమిషాలు కబుర్లు చెప్పుకుని వచ్చినా, అదంతా విశ్రాంతి కిందే జమకట్టుకుని లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. అలా పిలిచేవాళ్లు పక్కన ఉన్నవాళ్లకు దీర్ఘ విరామం తాలూకు పెట్టె రోజంతా కనిపించకపోవచ్చు కూడా.